తెల్ల వీపు బహుమతి

దీవుల్లో కరాటే నేర్పాలని వచ్చే కుర్రకారుకు నేను మొదట చెప్పే మాట ఒకటుంది. ఇక్కడ మీ విద్యార్థి ఎవరినైనా కొడితే, ఆ మనిషి మర్నాడు బస్సులో పక్క సీట్లోనే కూర్చుంటాడు. పోర్ట్ బ్లెయిర్ ఎంత పెరిగినా అందరూ అందరికీ తెలిసిన ఊరే. కొట్టి పారిపోదామంటే చుట్టూ సముద్రం. ఆత్మరక్షణ పాఠాల్లో సందు మలుపున ఎదురయ్యే ముక్కూమొహం తెలియని దుండగుడు ఒకడుంటాడు. నా విద్యార్థుల్లో ఒక్కరు కూడా వాడి సంగతి నాకు చెప్పలేదు. వాళ్ళను పట్టుకున్నవాళ్ళు, తోసినవాళ్ళు, దారికి అడ్డం నిలబడినవాళ్ళు అందరూ పేరు తెలిసినవాళ్ళే. మళ్ళీ రేపు మొహం చూడక తప్పనివాళ్ళే.

నేను ప్రభుత్వ పాఠశాలలో డ్రిల్లు మాస్టారిగా పనిచేసి రిటైరయ్యాను. సాయంత్రాలు ప్రోతరాపూర్‌లో మా చర్చి వెనక రేకుల షెడ్డులో కరాటే నేర్పాను. జీతం మొదటి పనికి వచ్చేది, మనసు రెండోదాని మీద ఉండేది. బెల్టుల సంగతి, పోటీల సంగతి ఇక్కడ రాయను. అవి గోడలకు తగిలించుకునే వ్యవహారాలు. నాకు పని నేర్పినది ఒక అమ్మాయి విరిగిన మణికట్టు. ఆ మణికట్టు విరగడానికి కారణం నేను.

ఎర్ర పొట్టు

మా నాన్న కాకినాడ దగ్గర నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడ రంపపు మిల్లులో చేరాడు. షెడ్డులో పిల్లలు పడటానికి మెత్తటి చాపలు కొనే తాహతు మాకు లేదు. మిల్లు నుంచి గోనెసంచుల్లో రంపపు పొట్టు తెచ్చి నేలంతా మందంగా పరిచి, పైన పాత టార్పాలిన్ కప్పేవాళ్ళం. అది పడాక్ కర్ర పొట్టు. ఆ కర్ర ఎర్రగా ఉంటుంది. టార్పాలిన్ చిరుగుల్లోంచి ఆ ఎరుపు తెల్ల డ్రెస్సులకు అంటుకునేది. వానాకాలంలో అయితే పడినవాడి వీపు చెప్పనక్కర్లేదు. ఎన్నిసార్లు ఉతికినా ఇటుక రంగు నీడ ఉండిపోయేది.

అక్కడే నాకొక ఆలోచన వచ్చింది. ఎవరి వీపు తెల్లగా ఉంటే వాళ్ళు తక్కువ పడ్డట్టు. క్రిస్మస్ కార్యక్రమంలో అందరినీ వరసగా అటు తిప్పి నిలబెట్టి, అన్నిటికంటే తెల్లగా ఉన్న వీపుకు బహుమతి ఇచ్చేవాణ్ణి. ఒక స్టీలు క్యారేజీ. తల్లిదండ్రులు చప్పట్లు కొట్టేవారు. పాస్టరుగారు కూడా ఆ తెలుపు మీద రెండు మంచి మాటలు చెప్పేవారు. నా వీపు అన్నిటికంటే తెల్లగా ఉండేది. గురువును కనుక నేనే అందరినీ పడేసేవాణ్ణి. నన్ను పడేయమని ఎవరినీ ఎప్పుడూ అడగలేదు.

మా ఆవిడ సలోమి దాన్ని చూసి మురిసిపోయేది. “మీ డ్రెస్సు ఉతకడం ఎంత సుళువో,” అనేది. అది పొగడ్త అనుకున్నాను. చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను.

తాపా సాబ్

నాకు కరాటే నేర్పింది తాపా సాబ్ అనే మాజీ సైనికుడు. పదవీ విరమణ తర్వాత దీవుల్లోనే స్థిరపడి, ఒక గోదాముకు కాపలా ఉండేవాడు. మాట తక్కువ, చూపు ఎక్కువ. కాటా అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఎదురుగా ఎవరూ లేకుండా, ఒక వరసలో అడుగులు, చేతులు, మలుపులు చేసుకుపోవడమే కాటా. చూసేవాళ్ళకు గాలితో కొట్లాటలా ఉంటుంది. తాపా సాబ్ కాటా చేస్తుంటే గాలిలో నిజంగానే ఎవరో ఉన్నట్టుండేది.

మేము ఆయన చేసింది చేసినట్టు చేశాం. మొదటి కాటాలో వెనక్కి పూర్తిగా తిరిగే చోటు ఒకటుంది. అక్కడ ఆయన ఎడమ కాలును నేల మీద ఈడ్చి, అరక్షణం ఆగి తిరిగేవాడు. అందులో ఏదో మర్మం ఉందని నేను నమ్మాను. కాలు ఎత్తకుండా నేలను తెలుసుకుంటూ తిరగాలని నా విద్యార్థులకు వ్యాఖ్యానం కూడా చెప్పాను. ఆయన్ని అడిగి ఉండవచ్చు. గురువును ప్రశ్నించకపోవడం వినయం అనుకున్నాను. నిజానికి నాకు తెలియదని బయటపడటం ఇష్టం లేదు.

ఆయన కూడా ఎప్పుడూ పడేవాడు కాదు. అదీ నేర్చుకున్నాను.

ఆ మలుపులోనే పట్టు ఉందని మాత్రం నాకు తెలుసు. ఎవరైనా చెయ్యి పట్టుకుంటే ఆ కాటాలోలాగే వెనక్కి తిరిగి, వాణ్ణి నడుం మీదకు తీసుకుని అవతల పడేయడం. ఈడ్చిన కాలు టార్పాలిన్‌తో సహా పొట్టులోకి నాగలిలా దిగి గట్టిగా నిలిచేది. ఎంత బరువైన కుర్రవాడైనా ఎగిరి పడేవాడు. పద్ధతి అంత బాగా పనిచేస్తుంటే తప్పు ఉందని ఎవరికి తోస్తుంది?

నూకరత్నం

నూకరత్నం మిన్నీ బే నుంచి బస్సులో వచ్చేది. వాళ్ళది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన చేపలవాళ్ళ కుటుంబం. తండ్రి పడవ మీదకు పోతాడు. తల్లి అప్పలనర్సమ్మ తెల్లవారకముందే జెట్టీకి వెళ్ళి, పడవలు దించిన చేపలను వేలంలో పాడుకుని, బజారు మెట్ల మీద కూర్చుని అమ్మేది. ఆ మెట్ల మీద జాగా ఎవరి పేరా ఉండదు. రోజూ వచ్చి కూర్చునేవాళ్ళదే. కొన్నాళ్ళు రాకపోతే ఇంకొకరి బుట్ట వచ్చి అక్కడ కూర్చుంటుంది.

అప్పలనర్సమ్మకు కంటి ఆపరేషన్ అయింది. చూపు సరిగా రాలేదు. తడి జెట్టీ మీద నడవలేదు. అందుకని స్కూలు చదువు అప్పుడే అయిపోయిన నూకరత్నం ఆమె బదులు వెళ్ళడం మొదలుపెట్టింది. నా దగ్గర తెల్ల వీపు బహుమతి వరసగా తీసుకున్న పిల్ల అది. నవ్వుతూ పని చేసేది, ఎవరికీ లొంగేది కాదు.

ఒకరోజు క్లాసు అయ్యాక ఆగి, కొంచెం మొహమాటంగా చెప్పింది. జెట్టీ మీద ఐసు గడ్డలు దించే మనిషి ఒకడు రోజూ ఆమె చెయ్యి పట్టుకుని ఆపుతున్నాడట. తోటివాళ్ళ ముందు వేళాకోళం. ఆ గుంజులాటలో వేలం పాట దాటిపోయి, ఆమెకు మిగిలిపోయిన చేపలే దొరుకుతున్నాయి.

“నాన్నకి చెప్తే కొట్లాటకెళ్తాడు సర్. తర్వాత నన్ను జెట్టీకే పంపడు. అమ్మ జాగా పోతుంది. ఉస్కే బాద్ క్లాసూ బంద్,” అంది.

ఏం చేయాలని అడిగింది. నేను షెడ్డు మధ్యలో నిలబడి ఆ మలుపు, ఆ పట్టు ఇంకోసారి చూపించాను. ఒక్కసారి పడేస్తే మళ్ళీ దగ్గరకు రాడని చెప్పాను. ఎంత ధీమాగా చెప్పానో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. తెల్లవారుజామున ఆ జెట్టీ ఎలా ఉంటుందో నేను ఒక్కనాడూ చూసినవాణ్ణి కాదు. చేపలు మా గుమ్మం ముందుకే వచ్చేవి.

ఆసుపత్రిలో

వాడు చెయ్యి పట్టుకున్నాడు. ఆమె నేను చెప్పినట్టే తిరిగింది. జెట్టీ పలకల మీద చేపల నీళ్ళు, పొలుసులు, కరిగిన ఐసు. ఈడ్చిన కాలు దిగడానికి అక్కడ పొట్టు లేదు. కాలు జారిపోయింది. ఇద్దరూ పడ్డారు. అతను బరువైనవాడు, లేచి దులుపుకున్నాడు. ఆమెకు పడటం అలవాటు లేదు. ఎప్పుడూ పడకూడదనే నేర్చుకున్న పిల్ల కదా. కిందకు పోతూ చెయ్యి ముందుకు చాచింది. మణికట్టు విరిగింది. బుట్టలోవి, ఆ బుట్టా సముద్రంలోకి పోయాయి.

నేను ఆసుపత్రికి వెళ్ళేసరికి కట్టు కట్టేశారు. ఆ గదిలో నేను అన్న మొదటి మాట రాయడం నాకు కష్టంగా ఉంది, అయినా రాస్తాను. నొప్పిగా ఉందా అని అడగలేదు. “కాలు సరిగ్గా తిప్పి ఉండవు,” అన్నాను.

ఆమె నావైపు కోపంగా కూడా చూడలేదు. “మీరు చెప్పినట్టే తిప్పేను సర్. ఈడ్చి, ఆగి, అప్పుడు,” అంది.

ఆ మాట బస్సులో ఇంటిదాకా నాతో వచ్చింది. మర్నాడు తాపా సాబ్ దగ్గరికి వెళ్ళాను. గోదాము ముందు స్టూలు మీద టీ తాగుతున్నాడు. ఇన్నేళ్ళూ అడగనిది అడిగాను. ఆ మలుపులో కాలు ఎందుకు ఈడుస్తాం?

ఆయనకు ప్రశ్న అర్థం కాలేదు. చేసి చూపించమన్నాడు. చేశాను. ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. టీ గ్లాసు కింద పెట్టి, ప్యాంటు పైకి లాగి, మోకాలి మీద పాత కుట్ల మచ్చ చూపించాడు. సైన్యంలో ఉండగా లారీ మీంచి పడ్డాడట. అప్పటినుంచి ఆ కాలు తిరగదు. కింద పడితే లేవడం కష్టమని పడటమూ మానేశాడు.

తర్వాత నవ్వు ఆపి అడిగాడు. “బచ్చోం కో భీ యహీ సిఖాయా క్యా?” పిల్లలకు కూడా ఇదే నేర్పావా అని.

నేర్పానన్నాను. ఆయన ప్యాంటు కిందకు లాక్కుని మచ్చ కప్పుకున్నాడు. నేను పరంపర అనుకున్న దాంట్లో సగం తాపా సాబ్ మోకాలు. ఆయన తప్పు లేదు. ఆయన తన ఒంటికి సరిపోయినట్టు చేశాడు. ఆ ఒంటిని నేను శాస్త్రం చేశాను.

అప్పలనర్సమ్మ షరతు

ఆదివారం ఆరాధన అయ్యాక మిన్నీ బే వెళ్ళాను. నూకరత్నం తండ్రి పడవ మీద ఉన్నాడు. కూతురిని ఇక జెట్టీకీ వద్దు, షెడ్డుకీ వద్దు అని చెప్పేసి వెళ్ళాడట. బజారు మెట్ల మీది జాగాలో ప్రస్తుతానికి చుట్టాలావిడ ఒకరు కూర్చుంటున్నారు. ఎన్నాళ్ళు కూర్చుంటుంది, ఎవరి కోసం కూర్చుంటుంది?

అప్పలనర్సమ్మ అరుగు మీద వల బాగుచేస్తోంది, కళ్ళతో కంటే వేళ్ళతోనే ఎక్కువ. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. మోకాలి సంగతి కూడా. తప్పు పిల్లది కాదు, నాదే అన్నాను. ఆమె తిడుతుందని సిద్ధపడి వెళ్ళాను. ఆమె తిట్టలేదు. వల పక్కన పెట్టి ఒక్కటే అడిగింది.

“మేస్టారూ, మీరెప్పుడైనా పడ్డారా?”

లేదన్నాను.

“మరి పడ్డం ఎలాగో మీకేటి ఎరిక? మా గుంటలు నడక నేర్సినప్పటినించీ పడవ మీద పడతానే ఉంతారు. లెగుత్తానే ఉంతారు. మీకాడికొచ్చి అదే మర్సిపోనాది నా కూతురు.”

లోపల నూకరత్నం తలుపు వెనక నిలబడి వింటోందని నాకు తెలుసు. అప్పలనర్సమ్మకూ తెలుసు.

“దాన్ని మళ్ళీ పంపమంటే పంపుతాను. దాని బాబుకి నాను సెప్పుకుంతాను. గానీ ముందల మీరు పడండి. నాను వొచ్చి సూత్తాను.”

కట్టు విప్పిన తర్వాత వచ్చిన మొదటి క్లాసుకు తల్లీ కూతుళ్ళిద్దరూ వచ్చారు. పాస్టరుగారి వరండాలోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి అప్పలనర్సమ్మకు వేశారు. ఆమె చీర సర్దుకుని, పంచాయితీకి వచ్చిన పెద్దమనిషిలా కూర్చుంది. నేను అందరి ముందూ చెప్పాను: ఈరోజు నన్ను పడేయాలి. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి నూకరత్నమే ముందుకొచ్చి, బాగున్న చేత్తో నా కాలర్ పట్టుకుంది.

కాలు ఎత్తి పూర్తిగా తిరిగింది, ఈడ్వలేదు. నేను వెళ్ళి టార్పాలిన్ మీద పడ్డాను. ఎంతమందికి ఎంత ధాటిగా చెప్పినవాణ్ణి, ఒక్క ముక్క గుర్తు రాలేదు. ఊపిరి ఎక్కడికో పోయింది. మెడ బిగిసింది. మోచెయ్యి కింద పెట్టాను, అది పెట్టకూడదు. ఇన్నేళ్ళూ పిల్లలు నా చేతుల్లో ఏం అనుభవించారో పడుకుని ఉండగా అర్థమైంది.

కుర్చీలోంచి మాట వినిపించింది.

“కళ్ళకి సరిగ్గా ఆనలేదు మేస్టారూ. ఇంకోపాలి పడండి.”

ముందు ఎవరో చిన్నగా నవ్వారు. తర్వాత షెడ్డు షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఊపిరి అందినంతవరకు. ఆ సాయంత్రం వచ్చినవాళ్ళందరి చేతా పడేయించుకున్నాను. ఇంటికి వెళ్ళాక సలోమి డ్రెస్సు విప్పి వెలుతురులో పట్టుకుని చూసింది. “ఎవరితో కొట్లాడి వచ్చారు?” అంది. కొట్లాడలేదు, పడ్డానన్నాను. “ఇన్నాళ్ళకా,” అని బకెట్లో పడేసింది.

జెట్టీ నేర్పింది

అప్పుడు నేను చేయవలసిన పని మొదలుపెట్టాను. చేపలు కొనే నెపంతో తెల్లవారకుండా జెట్టీకి వెళ్ళి నిలబడ్డాను. అక్కడ ఎవరూ కాళ్ళు చాచి లోతుగా నిలబడరు. పాదాలు దగ్గరగా, మోకాళ్ళు వదులుగా. పట్టుకునేవాడు దూరం నుంచి దూకడు, పక్కకు వచ్చి కబుర్లాడుతూ మణికట్టు పట్టుకుంటాడు. నడుం మీదకు ఎత్తి పడేసే పట్టుకు అక్కడ చోటు లేదు. కింద పడ్డవాడి తల పడవలు కట్టే ఇనుప గుంజకు తగిలితే ఆ పిల్ల బతుకంతా పోలీసు స్టేషను చుట్టూ తిరుగుతుంది.

తిరిగి మొదటి కాటా దగ్గరికే వచ్చాను. అందులో ఒక చెయ్యి కిందకు ఊపుతున్నప్పుడు రెండో చెయ్యి నడుం దగ్గరికి లాక్కుంటాం. ఆ రెండో చెయ్యి బలం కోసమని చెప్పేవాణ్ణి. ఖాళీ చేతిని లాక్కుంటే ఏం బలం వస్తుంది? అది ఖాళీ చెయ్యి కాదు. అందులో ఎదుటివాడి మణికట్టు ఉంది. వాడు పట్టుకున్న చేతిని తిప్పి మనమే పట్టుకుని నడుం దగ్గరికి తెచ్చుకోవాలి. కిందకు ఊపే ముంజేయి వాడి మోచేతికి కాస్త పైన ఆనాలి. అప్పుడు మలుపు తిరిగితే వాడు మనతో తిరిగి, తనంతట తనే కూర్చుంటాడు. దెబ్బ ఉండదు. కాటాలో తిరిగే చోట ఒక మనిషిని కూర్చోబెడుతున్నామని నాకు అప్పుడు తెలిసింది.

షెడ్డులో ఒక మూల పొట్టు తీసేసి, సిమెంటు నేల మీద సబ్బునీళ్ళు పోసి అదే సాధన చేశాం. మొదట పడటం, తర్వాత పట్టు. గడ్డం లోపలికి, వీపు గుండ్రంగా, చెయ్యి చాచకుండా అరచేత్తో నేలను చరచడం. నూకరత్నం అంత త్వరగా ఎవరూ నేర్చుకోలేదు. ఆమె కొత్తగా నేర్చుకోవడం లేదు. నేను మరిపించినదాన్ని గుర్తు తెచ్చుకుంటోంది.

జెట్టీకి పంపడానికి తండ్రి ఒప్పుకున్నాడు. ఎలా ఒప్పుకున్నాడో అప్పలనర్సమ్మ చెప్పలేదు.

ఆమె తిరిగి జెట్టీకి వెళ్ళిన పొద్దున నేను అక్కడే ఉన్నాను, చేతిలో సంచితో. కలగజేసుకోనని మాటిచ్చాను. అతను వచ్చాడు. నవ్వుతూ, “క్యా దీదీ, హాథ్ ఠీక్ హో గయా?” అంటూ, బాగుపడిన ఆ చేతినే పట్టుకున్నాడు. ఆమె ముందు బుట్ట కింద పెట్టింది. వదలమని మామూలు గొంతుతో చెప్పింది. అతను వదలలేదు. ఆమె చెయ్యి తిరిగింది, నడుం దగ్గరికి వెళ్ళింది, ముంజేయి దిగింది, కాలు ఎత్తి పూర్తిగా తిరిగింది. అతను చేపల నీళ్ళలో కూర్చున్నాడు. కూర్చుని అలాగే కొంత దూరం జారాడు.

ఆమె కాలు కూడా జారింది. వెల్లకిలా పడింది. పలకల మీద అరచెయ్యి చరిచిన చప్పుడు వినిపించింది. పడినంత తేలిగ్గా లేచింది. వేలం వేసేవాడు నోరు తెరిచి నిలబడిపోయాడు. నూకరత్నం బుట్ట ఎత్తుకుని ఆ వేలంవాడివైపు తిరిగింది.

“ఆపేసేవేటి భయ్యా? పాట ఎక్కడిదాకా వొచ్చింది?”

పాట సాగింది. ఆమె తనకు కావలసిన చేపలే పాడుకుంది. బజారు మెట్ల మీద చుట్టాలావిడ లేచి జాగా ఇచ్చింది. ఆ ఐసు మనిషి తర్వాత కూడా ఆ జెట్టీలోనే పనిచేశాడు. ఆమె బుట్టలో ఐసు వేయవలసి వస్తే చెయ్యి బారెడు దూరంలో పెట్టి వేసేవాడు. దెబ్బ తినలేదు కనుక అతనికి పగ పెట్టుకోవడానికీ ఏమీ దొరకలేదు. చిన్న ఊళ్ళో ఆత్మరక్షణ అంటే ఇంతే ఉండాలని నా అభిప్రాయం. గెలిచినవాళ్ళు, ఓడినవాళ్ళు మర్నాడు ఒకే బస్సెక్కగలగాలి.

చివరి మాట

తెల్ల వీపు బహుమతి ఆ ఏడాదితో పోయింది. తర్వాతి క్రిస్మస్‌కు అందరికంటే ఎర్ర వీపుకు క్యారేజీ ఇస్తామన్నాం. పిల్లలందరూ కలిసి నన్ను వెనక్కి తిప్పి నిలబెట్టారు. ఆ క్యారేజీలోనే సలోమి నాకు రిటైరయ్యేదాకా అన్నం కట్టింది.

తాపా సాబ్ ఇప్పుడు లేడు. క్లాసులో కాలు ఎత్తి తిరగమనే నేర్పాను. ఇంట్లో ఒక్కణ్ణే కాటా చేసుకునేటప్పుడు మాత్రం ఆ మలుపు దగ్గర ఎడమ కాలు ఈడ్చి, అరక్షణం ఆగుతాను. అది ఎవరికీ నేర్పను.

షెడ్డు ఇప్పుడు నూకరత్నం చేతిలో ఉంది. పొద్దున బజారు మెట్లు, సాయంత్రం షెడ్డు. పొట్టు పోయి నీలం చాపలు వచ్చాయి, ఎవరి వీపూ ఎర్రబడదు. కొత్త పిల్లలు చేరిన మొదటి రోజున నన్ను పిలుస్తుంది. వాళ్ళలో అందరికంటే చిన్న పిల్ల చేత నన్ను పడేయిస్తుంది. పెద్దవాళ్ళు కూడా పడతారని, లేస్తారని ముందే కళ్ళతో చూడాలట.

మొన్న వెళ్ళాను. నా నడుం ఎత్తు కూడా లేని ఒక పిల్ల నా చొక్కా అంచు పట్టుకుని లాగింది. పడ్డాను. ఈ వయసులో పడటం కొంత నిదానంగా అవుతుంది కానీ, చక్కగానే పడ్డాను. గడ్డం లోపలికి, అరచెయ్యి నేలకు. పిల్లలు చప్పట్లు కొట్టారు. లేవబోతున్నాను.

గోడ పక్క ప్లాస్టిక్ కుర్చీలోంచి అప్పలనర్సమ్మ గొంతు వచ్చింది. “సరిగ్గా ఆనలేదు మేస్టారూ. ఇంకోపాలి.”

మళ్ళీ పడ్డాను.